వేల రూపాయల వైరు, వినిపించని తేడా

"మూడు లక్షలు పెట్టి సెట్టు కొన్నావు, వైరు దగ్గర పిసినారితనం ఏంది?"

ఈ ప్రశ్నకు జవాబు దొరక్క మళ్లీ జేబులో చెయ్యి పెట్టినవాళ్లు మా వైపు తక్కువేమీ లేరు. అనంతసాగరం, ఆత్మకూరు, ఉదయగిరి మెట్ట ప్రాంతం. సోమశిల జలాశయం మా అనంతసాగరం మండలంలోనే ఉన్నా, ఇక్కడి కుటుంబాల్లో రూపాయి ఇప్పటికీ చెమటోడ్చితేనే వస్తుంది. గల్ఫ్‌కి పోయి ఏళ్లతరబడి పనిచేసి వచ్చినవాళ్లు, బెంగళూరులోనో చెన్నైలోనో ఉద్యోగాలు చేసే పిల్లలున్నవాళ్లు స్లాబు ఇల్లు కట్టుకుని హాల్లో మంచి స్టీరియో పెట్టుకుంటున్నారు. పెట్టుకోవాలి కూడా. ఘంటసాల గొంతునీ బాలు గొంతునీ ఫోను స్పీకర్లో వింటే ఆ గొంతుల్లో సగం కూడా మనకు అందదు. కానీ బాక్సులకీ యాంప్లిఫయర్‌కీ బేరం కుదిరాక, బిల్లు రాసే చివరి నిమిషంలో ఆ ప్రశ్న వస్తుంది. దాని వెంటే అట్టపెట్టెలోంచి వేలిమందం వైరు బయటికొస్తుంది. పైన వల అల్లిక, కొసలకు బంగారు పూత, మధ్యలో బాణం గుర్తు. ధర పదివేలు కావచ్చు, యాభైవేలు కావచ్చు, లక్ష దాటవచ్చు. ఆ వైరు వేస్తే గొంతు విచ్చుకుంటుందట, బేస్ బిగుస్తుందట, వీణ ఒక పక్కా మృదంగం ఒక పక్కా విడివిడిగా నిలబడతాయట.

ఈ నమ్మకం ఇప్పుడు అమ్మేవాళ్ల దగ్గరే ఆగలేదు. సంగీతం మీద నిజమైన ప్రేమ ఉన్నవాళ్లూ, చదువుకున్నవాళ్లూ దాన్ని పదిమందికీ చెబుతున్నారు. అందుకే దీన్ని ఖండించాలి. తగినంత మందమున్న మామూలు రాగి వైరుకీ, దానికి వందరెట్లు ధరున్న వైరుకీ మధ్య ఇంట్లో పాట వినేటప్పుడు చెవికి తెలిసే తేడా ఏదీ లేదు. ఉందని వాదించేవాళ్లు ఆ తేడాను కళ్లు మూసుకుని పట్టి చూపించలేకపోయారు.

ముందు వైరు చేసే పని ఏమిటో చూద్దాం. యాంప్లిఫయర్ వెనక ఉన్న రెండు బిందువుల మధ్య వోల్టేజి క్షణక్షణానికీ మారుతూ ఉంటుంది. పాటంతా ఆ మార్పులోనే ఉంది. అదే మార్పు బాక్సు వెనక ఉన్న రెండు బిందువుల దగ్గర కూడా కనిపించాలి. వైరు పని అంతే. అది పాటకు ఏ మేలు చేసినా, ఏ కీడు చేసినా ఆ వోల్టేజిని మార్చడం ద్వారానే చెయ్యాలి, మరో దారి లేదు. వోల్టేజిని కొలవడం మనిషికి బాగా చేతనైన పని. చెవికి అందే తేడాకన్నా ఎన్నో రెట్లు చిన్న తేడాలను పట్టే పరికరాలు దశాబ్దాలుగా ఉన్నాయి. రెండు వైర్ల గుండా ఒకే పాటను పంపి, ఒకదాంట్లోంచి మరొకదాన్ని తీసేసి, ఏం మిగిలిందో వినే పద్ధతి కూడా ఉంది. తేడా ఉంటే అక్కడ మిగలాలి.

లెక్క కూడా పెద్ద కష్టం కాదు. ఇంటి వైరింగుకి వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల మెత్తటి రాగి వైరు నిరోధం కిలోమీటరుకు 8 ఓమ్‌లకు మించదు. యాంప్లిఫయర్ నుంచి బాక్సుకి 5 మీటర్లు అనుకుంటే, పోవడానికీ రావడానికీ కలిపి 10 మీటర్లు. నిరోధం 0.08 ఓమ్. బాక్సు 8 ఓమ్‌లది. అంటే వైరు దగ్గర పోయేది నూటికి ఒక వంతు వోల్టేజి, ధ్వని లెక్కలో 0.09 డెసిబెల్. శబ్దం పెరిగిందో తగ్గిందో మామూలుగా వింటూ చెప్పాలంటే ఒక డెసిబెల్ తేడా కావాలి. నిశ్శబ్దమైన గదిలో, చెవులు రిక్కించి, వెంటవెంటనే మార్చి వింటే రెండు మూడు పదోవంతులు పట్టగలరేమో. 0.09 అన్నది దానికీ కిందే ఉంది. రాగి తీసేసి వెండి పెట్టినా వెండి వాహకత రాగికన్నా ఆరు శాతమే ఎక్కువ. 0.08 ఓమ్ కాస్తా 0.075 అవుతుంది. ఆ 0.005 ఓమ్ కోసమే వేలకు వేలు.

ఆక్సిజన్ తీసేసిన రాగి అని ఒక మాట వినిపిస్తుంది. అది అబద్ధం కాదు, అలాంటి రాగి ఉంది. కానీ విద్యుత్ పనులకు వాడే మామూలు శుద్ధ రాగికీ దానికీ వాహకతలో తేడా ఒక శాతం చుట్టుపక్కలే. హెచ్చు స్థాయి స్వరాల్లో కరెంటు వైరు చర్మం వెంబడే పోతుందంటూ మరో భయం పెడతారు. 20,000 హెర్ట్జ్ దగ్గర రాగిలో కరెంటు లోతు అర మిల్లీమీటరుకు కాస్త తక్కువ. మన 2.5 వైరు మొత్తం అడ్డుకొలత 1.8 మిల్లీమీటర్లు. ఆ స్థాయిలో నిరోధం కొద్దిగా పెరిగినా, మొదట ఉన్నదే 0.08. పైగా యాభై దాటిన మనిషి చెవికి ఆ 20,000 హెర్ట్జ్ అసలు అందదు.

ఇక బాణం గుర్తు. పాట తాలూకు కరెంటు ఒకే వైపు పోయేది కాదు. 1000 హెర్ట్జ్ స్వరం పలుకుతుంటే కరెంటు సెకనుకు వెయ్యిసార్లు ముందుకూ వెయ్యిసార్లు వెనక్కీ నడుస్తుంది. స్పీకర్ వైరుకు 'సరైన దిశ' ఉందని చెప్పేవాళ్లు పాటలో సగాన్ని తప్పుదిశలో పంపుతున్నట్టే కదా!

వీటన్నిటికన్నా నాకు బలంగా కనిపించే సంగతి బాక్సు లోపల ఉంది. స్పీకర్ కోన్ వెనక చిన్న కాయిల్ ఉంటుంది. వెంట్రుకకన్నా కాస్త లావుగా ఉండే ఎనామిల్ రాగి తీగను, ఒక్కోసారి అల్యూమినియం తీగను, వరసలుగా చుడతారు. 8 ఓమ్‌ల స్పీకర్లో ఆ కాయిల్ నిరోధమే దాదాపు 6 ఓమ్‌లు. దానికి ముందు, బేస్‌నీ ట్రెబుల్‌నీ విడదీసే క్రాస్‌ఓవర్‌లో మరికొన్ని మీటర్ల మామూలు రాగి చుట్టలు. కరెంటు వాటన్నిటిలోంచీ పోవాల్సిందే. 6 ఓమ్‌ల సన్నతీగ పాడుచెయ్యని పాటను బయట ఉన్న 0.08 ఓమ్ పాడుచేస్తుందా? లక్ష రూపాయల వైరు కలిపినా లోపలి తీగ మారదు. దాని ఊసు ఆ అట్టపెట్టె మీద ఎక్కడా ఉండదు.

సీడీ ప్లేయర్‌నో ఫోన్ డాక్‌నో యాంప్లిఫయర్‌కి కలిపే చిన్న పిన్ను వైర్ల సంగతి కూడా ఇంతే. వాటి కెపాసిటెన్సు మీటరుకు సుమారు 100 పికోఫారడ్లు. రెండు మీటర్ల వైరూ, ప్లేయర్ వైపు వెయ్యి ఓమ్‌లూ వేసుకున్నా అది అడ్డుపడడం మొదలయ్యేది దాదాపు 8 లక్షల హెర్ట్జ్ దగ్గర. గబ్బిలాలకు కూడా అక్కర్లేని స్థాయి అది.

"లెక్కలు నీ దగ్గర ఉంచుకో, నేను నా చెవులతో విన్నాను" అంటారు. ఈ మాటను నేను తేలిగ్గా తీసుకోను. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. నిజంగానే పాట మెరుగ్గా వినిపించి ఉంటుంది. ఎందుకు వినిపించిందన్నదే ప్రశ్న. కొత్త వైరు వేసే ముందు పాతదాన్ని పీకుతాం. ఆ నాలుగైదు నిమిషాల్లో పాత ధ్వని గుర్తు చెదిరిపోతుంది, ధ్వని సూక్ష్మాలు మనసులో నిలిచేది కొద్ది సెకన్లే. తిరిగి పెట్టేటప్పుడు వాల్యూం నాబ్ ఒక గీత పైకి ఉంటే చాలు, మనకు అది 'మెరుగు'గానే తోస్తుంది. కూర్చున్న కుర్చీ అరడుగు జరిగినా బేస్ మారుతుంది. ఏళ్లుగా తుప్పుపట్టి ఉన్న పాత కనెక్షన్ను విప్పి గట్టిగా బిగించడం వల్ల నిజమైన బాగు కూడా జరిగి ఉండొచ్చు, అది అయిదు రూపాయల గరుకు కాగితంతో అయ్యే పని. వీటన్నిటి మీదా, నలభైవేలు ఇచ్చామన్న సంగతి మనసుకు తెలుసు. మనసు విన్నదానికీ చెవి విన్నదానికీ మధ్య గోడ లేదు. ఇది ఎవరి తెలివితక్కువతనమూ కాదు, మనిషి వినే తీరే అంత. అందుకే ఏది ఏ వైరో తెలియకుండా వినే పరీక్ష తప్ప మరో దారి లేదు.

అలాంటి పరీక్షలు కొత్తవీ కావు. 1970ల చివరిదాకా అమెరికాలో కూడా బాక్సులకు టేబుల్ లైటు వైరునే కలిపేవాళ్లు. 1979లో నోయల్ లీ మాన్‌స్టర్ కేబుల్ కంపెనీ పెట్టాక స్పీకర్ వైరు విడిగా అమ్ముడయ్యే పెద్ద సరుకైంది. నాలుగేళ్లకే, 1983లో, స్టీరియో రివ్యూ పత్రికలో లారెన్స్ గ్రీన్‌హిల్ ఒక పరీక్ష ఫలితాలు రాశారు. ఆ కొత్త వైరునీ, మామూలు మందపు లైటు వైరునీ, మరీ సన్నటి వైరునీ పేర్లు తెలియకుండా వినిపించారు. సన్నటి వైరు ఎక్కువ నిరోధం వల్ల శబ్దం తగ్గించింది కాబట్టి, ఏకధాటి హోరులాంటి పరీక్షా శబ్దం మీద దాన్ని గుర్తుపట్టగలిగారు. మందపు మామూలు వైరునీ ఖరీదైన వైరునీ పాట వింటూ విడదీయలేకపోయారు. పైన మనం చేసిన లెక్క చెప్పేది కూడా అదే. మందం చాలకపోతే తేడా ఉంటుంది, మందం సరిపోయాక పేరుతో పనిలేదు.

2007లో, అతీత శక్తులున్నాయనే వాళ్ల మాటలను పరీక్షకు పెట్టే జేమ్స్ రాండీ ఇంకో అడుగు ముందుకేశారు. పేర్ అనే వైర్ల కంపెనీ అమ్మిన 'అంజూ' స్పీకర్ వైర్లు 12 అడుగుల జత 7,250 డాలర్లు, అప్పటి మారకంలో దాదాపు 3 లక్షల రూపాయలు. వాటిని మామూలు మంచి వైర్ల నుంచి చెవితో విడదీసి చూపిస్తే తన సంస్థ ఎప్పటినుంచో ప్రకటించి ఉంచిన పది లక్షల డాలర్ల బహుమతి ఇస్తానన్నారు. పేర్ కంపెనీ చివరికి తప్పుకుంది. ఆలోచించండి. తమ సరుకు తేడా పగలూ రాత్రిలా తెలుస్తుందని చెప్పుకునే పరిశ్రమకు ఒక్క మధ్యాహ్నం కూర్చుని విని పది లక్షల డాలర్లు పట్టుకుపోవడం ఎంత పని? ఆ డబ్బు ఎవరికీ దక్కలేదు.

"మీ సెట్టు ఆ స్థాయిది కాదు, అందుకే మీకు తెలియడం లేదు" అన్నది తరవాతి వాదన. దీంట్లో ఓడిపోవడానికి వీలులేని ఏర్పాటుంది. తేడా వినబడితే వైరు గొప్పది, వినబడకపోతే మనదే లోపం. ఏ ఫలితం వచ్చినా తప్పని తేలని మాటను శాస్త్రం పేరుతో అమ్మకూడదు.

ఇక పాట వైపునుంచి చూద్దాం. మనం ప్రాణం పెట్టి వినే పాటల్లో ఎక్కువ మద్రాసు స్టూడియోల్లో పుట్టినవే. 'మాయాబజార్' 1957 నాటిది. థియేటర్లో ఆ పాటలు వినిపించింది ఫిల్ము అంచున ముద్రించిన ఆప్టికల్ సౌండ్ ట్రాక్ నుంచి, అదీ ఒకే చానల్. ఆ కాలపు సినిమా హాళ్లు అనుసరించిన ప్రమాణంలో 8,000 హెర్ట్జ్ దాటాక ధ్వని బాగా పడిపోయేది. ఇళ్లకు వచ్చినవి లక్క రికార్డులు, ఆ తరవాత ఎల్పీలు. 1980లో వచ్చిన 'శంకరాభరణం' పాటలకు బాలు గారికి జాతీయ అవార్డు వచ్చింది. ఆ పాటలు మైకు ముందునుంచి టేపు మీదికి చేరేలోపు స్టూడియో గోడల్లో, కన్సోల్‌లో, జంక్షన్ పెట్టెల్లో ఎన్నో మీటర్ల మామూలు వైరు దాటి వచ్చాయి. స్టూడియోల వాళ్లు వైరు మీద డబ్బు పెట్టలేదని కాదు. తెగకుండా, గోల పట్టకుండా ఉండేది ఎంచుకున్నారు. రెండు తీగల్లో ఒకే సంకేతాన్ని తిరగేసి పంపి, మధ్యలో అంటిన గోలను అవతలి చివర కొట్టిపారేసే పద్ధతి వాడారు. టెలిఫోను ఇంజినీర్లు తేల్చిన ఉపాయం అది. అంత దూరం మామూలు రాగిలో నడిచి వచ్చిన బాలు గారి గొంతు, మన హాల్లో చివరి మూడు మీటర్ల దగ్గర వెండి తీగ లేక నలిగిపోతుందని ఎలా నమ్మాలి?

డిజిటల్ వైర్ల దగ్గర ఈ వాదం మరీ బలహీనం. హెచ్‌డీఎంఐ అయినా, యూఎస్‌బీ అయినా, నెట్ వైరు అయినా పోయేవి అంకెలు. అంకెలు సరిగ్గా చేరితే పాట యథాతథంగా ఉంటుంది, చేరకపోతే శబ్దం తెగుతుంది, చప్పున ఆగుతుంది, తెరమీద చుక్కలు లేస్తాయి. అంకె సరిగ్గా చేరుతూనే 'గొంతులో మాధుర్యం తగ్గడం' అన్నది జరగదు. నెట్‌లో పాట పెట్టుకుంటే అది సముద్రం అడుగున వేసిన కేబుళ్లలో రావచ్చు, ఆ తరవాత మన పల్లెల్లో కరెంటు స్తంభాలకు వేలాడే ఫైబరు మీద ఎండకూ వానకూ నడిచి ఇంటికి చేరుతుంది. అక్కడినుంచి గోడకీ సెట్టుకీ మధ్య ఒక మీటరు నెట్ వైరు ఇరవైవేలదైతే పాట బాగుపడుతుందని చెప్పేవాళ్లున్నారు.

కరెంటు ప్లగ్గు వైరు గురించి కూడా ఇదే ప్రచారం. కృష్ణపట్నం దగ్గర నేలటూరు థర్మల్ కేంద్రం నుంచో మరోచోటు నుంచో బయల్దేరిన కరెంటు అల్యూమినియం తీగల మీద వందల కిలోమీటర్లు వచ్చి, సబ్‌స్టేషన్లు దాటి, ఊళ్లో ట్రాన్స్‌ఫార్మర్ దాటి, మీటరు దాటి మన సాకెట్‌కి చేరుతుంది. యాంప్లిఫయర్ దాన్ని అలాగే వాడుకోదు. లోపలి ట్రాన్స్‌ఫార్మర్ దించుతుంది, డయోడ్లు ఒకవైపుకు తిప్పుతాయి, కెపాసిటర్లు చదును చేస్తాయి. మా వైపు నిజమైన సమస్య వేరే ఉంది. పొలాల మోటార్లు ఒక్కసారిగా లేచినప్పుడు వోల్టేజి కూలబడుతుంది, ఎర్తింగ్ సరిగా ఉండదు, రెండు పరికరాలు రెండు వేర్వేరు సాకెట్ల ఎర్తు పట్టుకుని బాక్సుల్లో గుయ్యిమని మోత పెడతాయి. దీనికి మందు మంచి స్టెబిలైజరు, ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తు గుంత బాగుచేయించడం, అన్ని పరికరాలనూ ఒకే బోర్డు మీదికి తేవడం.

వైరు ఏదైనా ఫర్వాలేదని నేను అనడం లేదు. అలా అంటే అదీ అబద్ధమే. బాక్సు దూరం పెరిగేకొద్దీ మందం పెరగాలి. సెల్‌ఫోన్ చార్జరు వైరంత సన్నటిదాన్ని ఇరవై మీటర్లు లాగితే శబ్దమూ పోతుంది, బేస్ పట్టూ పోతుంది. గ్రామఫోన్ పెట్టుకున్నవాళ్లు సూది నుంచి ప్రీయాంప్ దాకా పోయే చిన్న వైరు కెపాసిటెన్సు చూసుకోవాలి, అది నిజంగానే ట్రెబుల్‌ని మారుస్తుంది. ప్లస్సూ మైనస్సూ ఒక బాక్సుకి తిరగబడితే బేస్ మాయమవుతుంది. అన్నిటికన్నా పెద్ద మోసం, బజార్లో రాగి వైరని అమ్మే రాగిపూత అల్యూమినియం. కోసి చూస్తే లోపల తెల్లగా ఉంటుంది. దాని వాహకత అంతే మందపు రాగి వాహకతలో దాదాపు మూడింట రెండు వంతులు మాత్రమే, మెలితిప్పితే తొందరగా విరుగుతుంది. ఐఎస్ 694 గుర్తున్న పేరున్న కంపెనీ రాగి వైరు, ఇంటి వైరింగుకి వాడేదే, కొంటే ఈ బాధ లేదు. చెన్నైలోని రిచీ స్ట్రీట్ దాకా పోనక్కర్లేదు, ఆత్మకూరు ఎలక్ట్రికల్ దుకాణంలో దొరుకుతుంది. రెండు బాక్సులకూ కలిపి అయ్యేది వందల్లోనే.

మా ఊళ్లలో మైకుసెట్టు వాళ్లు ఈ విషయాన్ని తరతరాలుగా తమ పనితోనే చెబుతున్నారు. తిరునాళ్లలో, శ్రీరామనవమి పందిట్లో, గుడి దగ్గర యాంప్లిఫయర్ పెట్టి ఊరి చివరి స్తంభం దాకా హారన్లు కట్టాలంటే వందల మీటర్లు వైరు పడుతుంది. వాళ్లు వెండి తీగ అడగలేదు. 100 వోల్టుల లైను వాడి, హారన్ దగ్గర చిన్న ట్రాన్స్‌ఫార్మర్ బిగిస్తారు. 100 వాట్ల శక్తిని 8 ఓమ్‌ల మీద పంపితే మూడున్నర ఆంపియర్లు పోవాలి. 100 వోల్టుల మీద పంపితే ఒక్క ఆంపియరు చాలు. వైరులో వృథా 12వ వంతుకు పడిపోతుంది. దూరం నిజంగా సమస్య అయినచోట పరిష్కారం ఇలా తెలివితో వచ్చింది. అలాంటి పనివాణ్ణి పక్కన కూర్చోబెట్టి, 'నీకు ధ్వని గురించి తెలియదు' అన్నట్టు మెరుపు కాగితాల భాష మాట్లాడడం నాకు కోపం తెప్పిస్తుంది.

వైరు మీద పోసే డబ్బుకు తగిన చోటు ఇంట్లోనే ఉంది, అది గది. మన కొత్త హాళ్లు ఎలా ఉంటాయి? కింద టైల్సు లేదా కడప బండ, నాలుగు వైపులా సున్నపు గోడలు, పైన స్లాబు. ఈ ఉపరితలాలు తమ మీద పడ్డ ధ్వనిలో నూటికి రెండు మూడు వంతులే పీల్చుకుని మిగతాదంతా వెనక్కి కొడతాయి. చప్పట్లు కొట్టి చూడండి, ఖంగుమంటుంది. హార్వర్డ్‌లో వాలెస్ సబీన్ 1895 ప్రాంతంలో ఫాగ్ లెక్చర్ హాల్లో మాటలు అర్థం కావడం లేదని తెలిసి, రాత్రిళ్లు పక్క థియేటర్లోంచి సీట్ల మెత్తలు మోయించి తెచ్చి పరిచి, ధ్వని ఎంతసేపట్లో చచ్చిపోతుందో కొలిచారు. ఆయన తేల్చిన సూత్రంతో మన హాలు లెక్క వేద్దాం. పదిహేనడుగులు పొడవు, పన్నెండు వెడల్పు, పది ఎత్తు. దాదాపు 51 ఘనపు మీటర్లు. ఖాళీ గదిలో ధ్వని పూర్తిగా అణిగేందుకు దాదాపు 5 సెకన్లు. తలుపులు, కిటికీలు, అల్మరా చేర్చుకున్నా రెండు సెకన్లకు అటూ ఇటూ. అంతసేపు ప్రతి అక్షరమూ తరవాతి అక్షరం మీద పడి నలుగుతుంటే గమకం ఎక్కడ వినబడుతుంది? మందపాటి తెరలు, నేలమీద జంపఖానా, మెత్తటి సోఫా, గోడకు ఆనించిన రెండు పరుపులు కలిపి ఎనిమిది చదరపు మీటర్లకు సమానమైన పీల్చుడు చేర్చితే అదే గదిలో ధ్వని 0.7 సెకన్లలో అణుగుతుంది.

బేస్ సంగతి వేరు. ఈ కొలతల గదిలో 37, 47, 56 హెర్ట్జ్ దగ్గర గది తానే మోగుతుంది. మృదంగం తొప్పి మోత ఒక మూల పది డెసిబెల్స్ ఎక్కువ, ఒక మూల పది డెసిబెల్స్ తక్కువ వినిపించవచ్చు. వైరు వల్ల వచ్చే 0.09 డెసిబెల్‌ని దీని పక్కన పెట్టి చూడండి. బాక్సుల్ని గోడ నుంచి రెండడుగులు ముందుకు లాగడం, రెండు బాక్సులకూ వినేవాడికీ మధ్య సమభుజ త్రిభుజం కుదర్చడం, కుర్చీని వెనక గోడకు ఆనించకుండా ఉంచడం. దీనికి ఖర్చు లేదు. దీంతో వచ్చే తేడాను వినడానికి ఎవరూ చెవులు రిక్కించక్కర్లేదు, చిన్నపిల్లలకు కూడా తెలుస్తుంది. ఈ పని చెప్పే దుకాణదారు అరుదు, అమ్మడానికి ఏమీ ఉండదు కాబట్టి.

"నా డబ్బు, నా ఇష్టం. అందంగా ఉంది, కొన్నాను" అనేవాళ్లతో నాకు తగవు లేదు. చేతిపనికీ అందానికీ విలువ కట్టే హక్కు ప్రతివాళ్లకూ ఉంది. ఉదయగిరి కొయ్య గరిటెలు చూడండి. సన్నటి చెక్కుడు పనితో ఎంత ముచ్చటగా ఉంటాయో. స్టీలు గరిటెకన్నా ఎక్కువ పెట్టి కొంటాం. కానీ అవి చెక్కే మనిషి, ఈ గరిటెతో వడ్డిస్తే పప్పు రుచి మారుతుందని ఎప్పుడూ చెప్పలేదు. తన పని ఏమిటో అదే చెప్పి అమ్ముకుంటాడు. వైరు కంపెనీలు కూడా అల్లికా మెరుపూ చూపించి అమ్ముకుంటే ఈ వ్యాసం అక్కర్లేదు. పాట బాగుపడుతుందని చెప్పి అమ్ముతున్నప్పుడు ఆ మాటకు రుజువు చూపించాలి.

ఇది నా ఒక్కడి కోరిక కూడా కాదు, చట్టం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదోవ పట్టించే ప్రకటనను నిర్వచించింది. దాని కింద ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ అలాంటి ప్రకటనను ఆపించగలదు, 10 లక్షల రూపాయల వరకూ జరిమానా వెయ్యగలదు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకూ. ప్రకటనలో చెప్పిన మాటను నిరూపించే బాధ్యత ప్రకటన ఇచ్చినవారిదని 2022 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఫిర్యాదుకు 1915 నంబరు ఉంది. కోచింగ్ సెంటర్ల ప్రకటనల మీద వాడే ఈ చట్టాన్ని వైర్ల మీద వాడకూడదని ఎక్కడా లేదు. ఇప్పటికే కొన్నవాళ్లు సిగ్గుపడి ఊరుకుంటారు, మోసపోయామని పదిమందిలో చెప్పుకోవడం కష్టం. అమ్మేవాళ్లు ఆ సిగ్గు మీదే బతుకుతున్నారు.

కొనబోయే వాళ్లకు చెప్పేదొకటుంది. దుకాణంలోనే పరీక్ష అడగండి. మీ పాట, మీకు కంఠతా వచ్చిన పాట పెట్టించండి. స్పీకర్ దగ్గర మల్టీమీటరు పెట్టి రెండు వైర్లతోనూ వోల్టేజి ఒకేలా ఉందని చూపించమనండి, ఒక శాతం తేడా కూడా ఉండకూడదు. తరవాత యాంప్లిఫయర్‌కీ మీకూ మధ్య తెర కట్టించండి. మీ వెంట వచ్చిన మనిషిని తెర వెనక నిలబెట్టి, ప్రతిసారీ రూపాయి బిళ్ల ఎగరేసి, బొమ్మ పడితే ఖరీదైన వైరు, బొరుసు పడితే మామూలు వైరు పెట్టమనండి. పదహారుసార్లు వినండి, ప్రతిసారీ ఏదో రాసుకోండి. గుడ్డిగా చెప్పినా సగటున ఎనిమిది సరిపోతాయి. పన్నెండు గానీ అంతకన్నా ఎక్కువ గానీ అదృష్టంతో సరిపోవడం నూటికి నాలుగుసార్లు కూడా జరగదు. పన్నెండు వస్తే, మీకు నిజంగా వినిపించినట్టే, నచ్చితే కొనుక్కోండి. దుకాణదారు ఈ పరీక్షకు ఒప్పుకోకపోతే బాక్సులూ యాంప్లిఫయరూ మాత్రం తీసుకోండి, ఇరవై మీటర్ల 2.5 రాగి వైరు దారిలో కొనుక్కుని ఇంటికి రండి.